రాహుకాలంలో ఉప్పునీళ్లు

ఊరూవాడా కంప్యూటర్లు నేర్చుకుంటున్న రోజుల్లో నేను ఎలుకల్ని వేడి పలక మీద నిలబెట్టాను. తొంభైల చివర్లో హైదరాబాదులో ఉండి కూడా కంప్యూటర్ జోలికి పోని ప్రాణులు రెండే రెండు. ఒకటి మా ఓనరమ్మ గేదె, రెండోది నేను. నా ఈడువాళ్లంతా అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సులో చేరి ఏదో ఒక దేశం పేరు కలవరిస్తుంటే, నేను తెల్లకోటు తొడుక్కుని, స్టాప్‌వాచీ పట్టుకుని, ఎలుక తన పాదం ఎప్పుడు నాకుతుందా అని గుడ్లప్పగించి చూస్తుండేదాన్ని. పెళ్లిళ్లలో బంధువులు ఏం చదువుతున్నావమ్మా అని అడిగితే ఎం.ఫార్మసీ అని చెప్పి ఊరుకునేదాన్ని. ఎలుకల సంగతి బయటపడితే బంతిలో నా పక్కన ఎవరూ కూర్చోరని మా అమ్మ బెంగ.

మా కాలేజీ కొండాపూర్ దాటాక ఒక బండల గుట్ట మీద ఉండేది. ఆ చుట్టుపక్కల బండలెక్కువ, మనుషులు తక్కువ. సైబరాబాద్ అన్న మాట అప్పటికే పేపర్లలోకి ఎక్కింది గానీ మా బస్సు కండక్టరు నోటికి ఇంకా ఎక్కలేదు. హైటెక్ సిటీ వైపు రోడ్లు వెడల్పు చేస్తూ రోజూ మధ్యాహ్నం ఆ బండల్ని పేల్చేవాళ్లు. ముందు విజిల్ వినపడేది. ఎర్రజెండా పట్టుకున్న మనిషి ఆటోల్నీ గేదెల్నీ ఒకే గొంతుతో అదిలించి ఆపేవాడు. ఆ తర్వాత ధడేల్మని చప్పుడు, కాళ్ల కింద నేల ఒక్కసారి ఉలిక్కిపడేది. ల్యాబ్ కిటికీ అద్దాలు గలగలమంటుంటే మేం టిఫిన్ డబ్బాలు తెరిచి పప్పు కలుపుకుంటూనే ఉండేవాళ్లం. మనిషి దేనికైనా అలవాటు పడతాడు. ఎలుకలు కూడా పడే ఉంటాయిలే అనుకున్నాం.

నా పరిశోధన ఏమిటో చెప్తాను, పుస్తకం మూసెయ్యకండి. మాంసకృత్తులు ఇల్లయితే అమైనో ఆమ్లాలు ఇటుకలు. పప్పులో, పాలల్లో, నువ్వుల్లో ఉండేవే. ఈ ఇటుకల్లో కొన్నింటికి నొప్పి తగ్గించే గుణం ఉందని అప్పటికే చాలామంది చూశారు. ఎలా తగ్గిస్తాయన్నదే తగాదా. నరానికీ నరానికీ మధ్య కబుర్లు మోసే రసాయనాలు ఉంటాయి. వాటిలో సెరటోనిన్ ఒకటి. అది వెన్నుపాము దగ్గరే నొప్పి కబురును ఆపి, మెదడుకు ఎక్కనివ్వదు. ఇంకొకటి ఒంట్లోనే తయారయ్యే నల్లమందులాంటిది. కుక్క తరుముతుంటే కాల్లో దిగిన ముల్లు ఇంటికొచ్చేదాకా తెలియదు చూడండి, అదీ దాని పనే. నా పరిశోధనకు గైడైన మా సారు పట్టుకున్నది ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం. ఒంట్లో అది సెరటోనిన్‌గా మారుతుంది కాబట్టి నొప్పి తగ్గేది కూడా ఆ దారినే అని సారు నమ్మకం. ఆ నమ్మకాన్ని రుజువు చేయడం నా ఖర్మ.

రుజువు చేసే పద్ధతి సారు చెప్పినప్పటికంటే మా ఓనరమ్మను చూశాకే నాకు బాగా అర్థమైంది. కొత్తగూడలో ఆవిడ ఇంటి వెనక గదిలో నేను అద్దెకుండేదాన్ని. వరండా గోడకి ఫ్యూజుల బోర్డు ఉండేది. ఏ ఫ్యూజు ఏ గదిదో ఎవరికీ తెలియదు. అద్దెకున్నవాళ్లలో ఎవరో దొంగతనంగా హీటరు పెట్టారని అనుమానం రాగానే ఆవిడ ఒక్కో ఫ్యూజూ పీకుతూ పోయేది. ఏది పీకితే ఎవరు కేకేస్తారో అది వాళ్లది. మేం చేసేదీ అదే. ట్రిప్టోఫాన్ ఇచ్చిన ఎలుకకు నాలాక్సోన్ అనే మందు కూడా ఇస్తే ఒంట్లోని నల్లమందు ఫ్యూజు పీకినట్టు. ఇంకో మందు ఇస్తే సెరటోనిన్ ఫ్యూజు పీకినట్టు. ఏది పీకినప్పుడు నొప్పి మళ్లీ వస్తుందో, మందు పనిచేసే దారి అదన్నమాట. నొప్పి కొలవడానికి వేడి పలక. ఎలుకను దానిమీద పెడితే కాసేపటికి పాదం నాకుతుంది. నొప్పి తెలియకపోతే ఆలస్యంగా నాకుతుంది. పాదం కాలేలోపు తీసెయ్యాలని నియమం. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటారు. మా ల్యాబులో పిల్లి లేదు, ఆ లోటు నేను తీర్చాను.

ఇక మా ఓనరమ్మ. ఆవిడ అసలు కొత్తగూడ మనిషి, గట్టి మనిషి, గేదెను కూడా పేరు పెట్టి తిట్టేది. అంతకుముందు ఎండాకాలం ఆవిడకు ఎడమ పక్కటెముకల మీద సర్పి లేచింది. కుమ్మరివాళ్లతో ఎర్రమన్ను పూయించారు, దవాఖానకూ తీసుకెళ్లారు. పొక్కులు మాడిపోయాయి గానీ నొప్పి పోలేదు. పొక్కులు పోయాక కూడా నరంలో మిగిలే మొండినొప్పి అది. కొంగు తగిలినా నిప్పు పెట్టినట్టుండేదట. జాకెట్టు ఒకవైపు కుట్లు విప్పుకుని, చెయ్యి ఒంటికి ఆనకుండా ఎడంగా పెట్టుకుని తిరిగేది. కొడుకూ కోడలూ పొద్దున్నే పనుల్లోకి వెళ్తే ఇంకా మాటలు రాని చిన్న మనవరాలు ఈవిడ దగ్గరే ఉండేది. ఆ పిల్ల రోజంతా చేతులు చాపి వెనకాలే నడిచేది. మన ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకునేది ఎడమ చంకలోనే కదా, కుడిచెయ్యి పనికి కావాలి. ఈవిడ ఎడమ చంక ఎక్కించుకోలేదు, కుడి చంక అలవాటు లేదు. పిల్ల ఏడ్చేది, ఆవిడ గోడవైపు తిరిగేది. సర్పి వచ్చినందుకు కాదు గానీ దీన్ని ఎత్తుకోలేకపోతున్నందుకు చచ్చిపోవాలనిపిస్తుందని ఒకసారి నాతో అంది. నేను గేదె బాగుందా అని అడిగాను.

నేను ఎలుకలకు నొప్పి తగ్గే మందు ఇస్తున్నానని ఆవిడకు తెలిసింది. ఇక నన్ను వదల్లేదు.

“ఎలుకకు ఇస్తవు గని నాకియ్యవా బిడ్డా? నేను ఎలుకకన్న కమ్మినా?”

కాదని, అది మనుషులకిచ్చే మందు కాదని, ఇస్తే నన్ను జైల్లో పెడతారని చెప్పాను. అసలది దేంట్లో ఉంటుందని అడిగింది. పాలల్లో, నువ్వుల్లో ఉంటుంది గానీ ఆ కాస్త సరిపోదని, తిన్నదంతా మెదడుకు చేరదని, దారిలో మిగతా అమైనో ఆమ్లాలు తోసుకొస్తాయని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఆవిడ అందులోంచి రెండు మాటలు ఏరుకుంది: పాలు, నువ్వులు. మర్నాటి నుంచి సాయంత్రం గేదె పాలల్లో వేయించిన నువ్వుల పొడి కలుపుకుని తాగడం మొదలెట్టింది. తాగే ముందు గ్లాసుకు దణ్ణం కూడా పెట్టేది.

మా సారు కడప జిల్లా మనిషి. పాఠం చెప్తే రాళ్లు కూడా పాసయ్యేవి. ఆయనకున్న బలహీనత ఒక్కటే, రాహుకాలం. ల్యాబులో వేడి పలక ఒకటే ఉండేది, మిగతా రోజుల్లో బీఫార్మసీ పిల్లలు దాని చుట్టూ మూగేవాళ్లు కాబట్టి మా వంతు శుక్రవారం. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. ఆ గంటన్నరలో సారు కొత్త మందు సూదికి ఎక్కించనిచ్చేవారు కాదు. పోల్చి చూడ్డానికి కొన్ని ఎలుకలకు మందు బదులు సెలైన్, అంటే ఉత్త ఉప్పునీళ్లు పొడుస్తాం. వాటిని మాత్రం రాహుకాలంలో కానిచ్చెయ్యమనేవారు. ఒకసారి నేను అడిగాను కూడా, వాటికి పట్టింపు లేదా సార్ అని.

“నీళ్లకు రాహుకాలమేందిమ్మా,” అన్నారు జాలిగా.

అలా ఉప్పునీళ్ల ఎలుకలు రాహుకాలంలో, మందు ఎలుకలు శుభఘడియల్లో. మందు పొడిచి, అది ఒంటబట్టేదాకా ఆగి, పలక మీద పెట్టేసరికి బండలు పేల్చడం అయ్యేది, మా పప్పన్నం అయ్యేది. ఇందులో తిరకాసు ఉందని నాకు తట్టలేదు. నాకు తట్టకపోవడం వింత కాదు. పెద్ద డిగ్రీ ఉన్న సారుకు తట్టకపోవడమే వింత. పంచాంగం మీద ఆయనకు అంత గురి, ఆయన మీద నాకూ అంతే.

ఫలితాలు మాత్రం అదరగొట్టాయి. ట్రిప్టోఫాన్ తీసుకున్న ఎలుకలు వేడి పలక మీద తపస్సు చేస్తున్నట్టు నిలబడేవి. సెరటోనిన్ ఫ్యూజు పీకినా కదల్లేదు. నాలాక్సోన్ ఇస్తే మాత్రం తపస్సు భగ్నమై గబగబా కాళ్లు నాకేవి. అంటే ఈ అమైనో ఆమ్లం పనిచేసేది సెరటోనిన్ దారిన కాదు, నల్లమందు దారిన. తన నమ్మకం తలకిందులైనందుకు సారు ఒక పూట దిగులుపడ్డారు. రెండో పూటకు ఇది లోకానికి కొత్త సంగతని గ్రహించి నాకు సమోసా తెప్పించారు. పేపర్ రాద్దామన్నారు. ఇంగ్లీషులో దానికి పేరు కూడా పెట్టేశారు, ఒక్క గుక్కలో చదవలేనంత పొడుగ్గా.

ఇంట్లో ఓనరమ్మ ప్రతి శుక్రవారం సాయంత్రం గేటు దగ్గరే నన్ను పట్టుకునేది. ఎలుకలు ఎట్లున్నయి అని అడిగేది. నేను విజయగర్వంతో అన్నీ చెప్పేదాన్ని. ఎలుకలు కుదుటపడ్డకొద్దీ ఆవిడా కుదుటపడుతూ వచ్చింది. మొదట జాకెట్టు కుట్లు మళ్లీ వేసుకుంది. తర్వాత చెయ్యి ఒంటికి ఆనించింది. ఒకరోజు నేను బస్సు దిగి వచ్చేసరికి పిల్ల ఎడమ చంకలో ఉంది, ఆవిడ కుడిచేత్తో గేదెకు కుడితి కలుపుతోంది. నన్ను చూసి పిల్లను ఇంకాస్త పైకి ఎగదోసుకుంది, నాకు కనపడాలని. ఆ క్షణంలో నాకు నా చదువు మీద వచ్చిన ప్రేమ మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఆ ప్రేమ ఒక శుక్రవారం కరెంటు పోవడంతో పోయింది. పొద్దున్నే పోయిన కరెంటు మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చింది. సారు లేరు, మూసాపేటలో బావమరిది గృహప్రవేశానికి వెళ్లారు. రాహుకాలంలో చెయ్యాల్సిన ఉప్పునీళ్ల ఎలుకలు అలాగే మిగిలిపోయాయి. పోనీ ఇప్పుడు చేసేద్దామని పొడిచి పలక మీద పెట్టాను. ఎలుక కదల్లేదు. స్టాప్‌వాచీ పరుగెడుతోంది, ఎలుక మాత్రం పెళ్లిచూపుల్లో పెళ్లికూతురిలా తల వంచుకుని నిలబడింది. పాదం కాలుతుందేమోనని నేనే తీసేశాను. సీసా మారిందేమోనని చూశాను, మారలేదు. ఇంకో ఎలుక, అదీ అంతే. చివరికి ఏ సూదీ పొడవని ఎలుకను పెట్టాను, అదీ తపస్సే. ఇంకాసేపటికి ఒక్కొక్కటీ మామూలై, పెట్టగానే కాళ్లు నాకడం మొదలెట్టాయి. అప్పుడు గుర్తొచ్చింది, మొదటి ఎలుకను పెట్టడానికి ముందే విజిల్ మోగింది, నేల అదిరింది.

కుక్క తరిమితే ముల్లు తెలియదని నేను పైన ఎంత తెలివిగా చెప్పానో చూశారుగా. ఎలుకలు దేనికీ అలవాటు పడలేదు. బండ పేలిన ప్రతిసారీ ప్రాణం పోయిందనుకుని హడలిపోతున్నాయి. ఆ హడలుకు వాటి ఒంట్లో నల్లమందు ఊరి నొప్పి తెలియడం లేదు. నాలాక్సోన్ దాన్నే ఆర్పేస్తోంది. మేం ఇన్నాళ్లూ కనిపెట్టింది ట్రిప్టోఫాన్ సంగతి కాదు, రోడ్డు కాంట్రాక్టరు సంగతి. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. వాళ్లు కొండను తవ్వుతున్నారు, ఎలుకను మేం పట్టుకున్నాం.

సోమవారం సారుకు చెప్పాను. మొదట నమ్మలేదు, ఉప్పునీళ్లలో ఏదో కలిసిందన్నారు. ఆ మధ్యాహ్నం బీఫార్మసీ పిల్లల్ని కాసేపు బయటికి పంపి, పేలుడుకు ముందు కొన్ని, తర్వాత కొన్ని, ఆయన కళ్లెదుటే చేసి చూపించాను. సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు.

“అంటే రాహుకాలంలో చేసినవి మాత్రమే కరెక్టుగా వచ్చినాయంటావా?”

“అవునండీ.”

నాకు నవ్వు ఆగలేదు. ఆయనకు కోపం వస్తుందేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను గానీ, ఆయనే ముందు నవ్వారు. నవ్వి, మొత్తం మళ్లీ చెయ్యమన్నారు. ఉప్పునీళ్లూ మందూ అన్నీ ఒకే పొద్దున, విజిల్ మోగకముందే, రాహుకాలమైనా యమగండమైనా. అంత మాట అన్నాక ఆయన గోడ మీద దేవుడి పటానికి చిన్న దణ్ణం పెట్టుకోవడం నేను చూడనట్టు నటించాను.

మళ్లీ చేస్తే తేలింది ఇది. ట్రిప్టోఫాన్ నొప్పి తగ్గిస్తుంది, కొంచెమే. సెరటోనిన్ ఫ్యూజు పీకితే ఆ కొంచెమూ పోతుంది. నాలాక్సోన్ ఇచ్చినా ఏమీ కాదు. అంటే సారు మొదట అన్నదే నిజం. పొడుగు పేరు పెట్టిన పేపరు చెత్తబుట్టలోకి వెళ్లింది. లోకానికి కొత్త సంగతేదీ చెప్పలేకపోయాం, తెలిసిన సంగతినే చిన్న గొంతుతో ఒప్పుకున్నాం. సమోసా ఊసు ఎవరూ ఎత్తలేదు.

నాకు అసలు దిగులు పేపరు గురించి కాదు. ఓనరమ్మ గురించి. ఆవిడ నమ్ముకున్న ఎలుకలు అబద్ధపు ఎలుకలు. ఎలుకలకే సూదితో గుప్పిస్తే కొంచెం తగ్గిన నొప్పి, మనిషికి గ్లాసుడు పాలతో ఎందుకు తగ్గుతుంది? సర్పి నొప్పి కాలం గడిస్తే దానంతటదే తగ్గనూవచ్చు. తేల్చుకోవడానికి పక్కన ఉప్పునీళ్ల ఓనరమ్మ లేదు, ఉన్నది ఒక్క ఓనరమ్మే. ఇంకో సంగతి కూడా అప్పటికే చదివాను. ఉత్తుత్తి మందు ఇచ్చి ఇది మంచి మందని నమ్మిస్తే చాలామందికి నిజంగానే నొప్పి తగ్గుతుందట. అది భ్రమ కాదు, నమ్మకానికి కూడా ఒంట్లో ఆ నల్లమందే ఊరుతుంది. నాలాక్సోన్ ఇస్తే ఆ ఉపశమనం కూడా పోవచ్చట. అంటే ఇప్పుడు నేను వెళ్లి నిజం చెప్తే, ఆ ఇంట్లో నాలాక్సోన్ నేనే. ఫ్యూజు పీకిన మరుక్షణం పిల్ల చంక దిగిపోతుంది.

చెప్పకుండా ఉండనూలేను. సైన్సు చదివినదాన్నన్న పొగరు ఒకటి ఉంది నాకు. మా ఇంట్లో తాయెత్తుల మీద, సారుతో రాహుకాలం మీద నోరు పారేసుకున్నదాన్ని, నా పేరు మీద నడుస్తున్న తాయెత్తును మాత్రం ఎలా ఊరుకోను? ఫలితాలన్నీ తేలిన శుక్రవారం బస్సులో దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. నొప్పించకుండా చెప్పాలని ఎన్ని రకాలుగా తిప్పినా ప్రతి వాక్యమూ చివరికి పిల్లను కిందకు దించేదే.

నేను వెళ్లేసరికి ఆవిడ గేదె దగ్గర నిలబడి ఉంది. పిల్ల ఎడమ చంకలో కూర్చుని మడమలతో ఆవిడ పక్కటెముకల మీద దరువేస్తోంది, సరిగ్గా సర్పి లేచిన చోటే. ఎప్పటిలా ఎలుకలు ఎట్లున్నయి అని ఆవిడ అడగలేదు. నేనే మొదలుపెట్టాను, పెద్దమ్మా, ఆ ఎలుకల సంగతి నేను చెప్పింది, అని. నా మొహం ఒక్కసారి చూసింది, అంతే, చెయ్యెత్తి ఆపింది.

“నీ ఎలుకల ముచ్చట ఎలుకలకే చెప్పుకో బిడ్డా. నాకు చెప్పకు.”

కానీ కొలవకుండా ఉండలేని రోగం నాది. పిల్ల మడమ ఆడుతున్న చోట మెల్లగా వేలు పెట్టి, ఇక్కడ ఇప్పుడు నొప్పి నిజంగా లేదా అని అడిగాను.

“లేకేం? ఉంటది. ఇది చంకెక్కినంక యాదుండదు.”

నాకు ఏడుపొచ్చింది. ఇన్ని నెలలుగా నేను పలక మీద పెట్టిన ఎలుకల్లో ఒక్కదానికీ ఎత్తుకోవడానికి మనవరాల్ని ఇవ్వలేదు. ఆవిడ నా మొహం వంక చూడకుండా, లోపల పొయ్యి మీద పాలున్నాయి పొంగిపోతాయేమో చూడమంది. నేను లోపలికి వెళ్లి పాలు దించి, గ్లాసులో పోసి, నువ్వుల పొడి కలిపి తెచ్చి ఆవిడ చేతికిచ్చాను.